మూడో మెట్టు

మా ఇంటి గుమ్మం నుంచి కాలువలోకి ఏడు రాతి మెట్లు దిగుతాయి. నీళ్ళు పైనుంచి మూడో మెట్టును తాకకుండా ఉంటే ఊళ్ళో ఏ వంతెన కిందనుంచైనా మా పడవ వెళ్ళగలదు. తాకితే ఇంట్లో కూర్చోవాలి. ఈ లెక్క మా నాన్న నాకు చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు. ఆసుపత్రుల పక్కబట్టలు మోసే పడవను ముప్పై ఒక్క ఏళ్ళు నడిపి రిటైరయ్యాను. ఆ లెక్క పుణ్యమా అని ఒక్కరోజు కూడా ఏ వంతెన దగ్గరా ఇరుక్కోలేదు. ఇప్పుడైతే సముద్రం నోటి దగ్గర గేట్లు పెట్టారు, పోటు పెరిగితే మూసేస్తారు. నేను చెప్పేది గేట్లు రాకముందు మాట.

ఆ నవంబరు ఇరవై ఒకటిన, ఆరోగ్యమాత పండుగ నాడు, పొద్దున ఎనిమిదింటికి మెట్ల మీద నిలబడి చూశాను. నీళ్ళు మూడో మెట్టుకు జానెడు కింద ఉన్నాయి. వంటింట్లో రేడియో దక్షిణపు గాలి గురించి ఏదో చెబుతోంది. లోపలికి వెళ్ళి కట్టేశాను.

"కట్టేశారేం? వాడు చెప్పేది వినచ్చు కదా," అంది నా భార్య ఎల్విరా. ఆమె పొగబెట్టిన గొర్రెమాంసం, క్యాబేజీ వేసి పండుగ పులుసు కాస్తోంది.

"వాడు ఆఫీసులో కూర్చుని చెబుతాడు. నేను మెట్టు చూసి చెబుతున్నాను."

"అయితే ఆ మెట్టుకే ఒక దండం పెట్టి బయలుదేరండి. మా అక్క బస్సు దిగే వేళయింది."

ఆ రోజు నా పని ఒక్కటే. ఎల్విరా అక్క ఓర్సొలాను బస్సులు ఆగే చోట పడవ ఎక్కించుకుని ఆరోగ్యమాత గుడికి చేర్చాలి. ఆమె కూతురు మిరెల్లాకు పాదువా ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం రెండు గంటలకు గుండె ఆపరేషను. డాక్టర్లు కత్తి పట్టుకునే లోపల ఆ తల్లి ముందు కొవ్వొత్తి వెలిగిస్తానని మా వదిన మొక్కుకుంది. మొక్కు అంటే మొక్కే. ఒక్క నిమిషం ఆలస్యమైనా చెల్లనట్టే అని ఆమె నమ్మకం. దేవమాత గడియారం చూసుకుంటూ కూర్చుంటుందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. కానీ ఒక తల్లితో అలాంటి రోజున ఆ మాట అనకూడదు, అనలేదు.

వదినకు డెబ్బై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ పోయాయి. మా ఊళ్ళో నాలుగడుగులకో వంతెన, వంతెనకు ఇరవై మెట్లు. అందుకే పడవ మధ్యలో పేము కుర్చీ ఒకటి తాళ్ళతో కట్టి తెచ్చాను. గుడి ముందు మెట్ల దగ్గర ఆ కుర్చీని ఎత్తి లోపలికి మోయడానికి మా ప్రార్థన సంఘం వాళ్ళు ఇద్దరు ఒంటిగంటకు వస్తామన్నారు.

ఆమె నల్లకోటు వేసుకుని, ఒళ్ళో పాత వార్తాపత్రికలో చుట్టిన పొడవాటి కొవ్వొత్తి పెట్టుకుని, రాణిలా ఆ కుర్చీలో కూర్చుంది.

"రెండింటికి కదా, చాలా టైముంది. ఈలోపు ఊరు చూపించు మరిదీ," అంది. "నలభై మూడేళ్ళయింది."

అది నిజం. అరవై ఆరు వరదలో వాళ్ళ ఇల్లు మునిగింది. కస్తెల్లో పేటలో కింది వాటా. మూడు నెలలే అనుకుని ఆవలి గట్టుకు వెళ్ళారు. మూడు నెలలకు తిరిగి వచ్చేసరికి ఆమె వంటింట్లో క్యాబేజీ బుట్టలున్నాయి. పై వాటాలో ఉండే జిల్దో అనే కూరగాయల వ్యాపారి ఆ వాటాను ఇంటి ఓనరు దగ్గర అద్దెకు తీసుకుని గోదాం చేసుకున్నాడు. ఓనరు ఇస్తానన్నాడు, అతను తీసుకున్నాడు. వదిన మాత్రం ఓనర్ని ఏమీ అనలేదు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బస్సులో అరగంట దూరంలో ఉంటూ మళ్ళీ ఈ గట్టున కాలు పెట్టలేదు. జిల్దోతో ఒక్క మాట మాట్లాడలేదు. అతని పేరు కూడా పలకదు. "ఆ మనిషి" అంటుంది.

ఉత్తరపు కాలువల మీదుగా తీసుకెళ్ళాను. ఆమె ప్రతిదానికీ ఏదో ఒకటి అంటూనే ఉంది.

"ఇక్కడ పాలకొట్టు ఉండేదే."

"ఇప్పుడు టూరిస్టులకి రంగురంగుల మాస్కులమ్ముతున్నారు వదినా."

"ఆ పక్కన చెప్పులు కుట్టే అతను?"

"అక్కడా మాస్కులే."

"ఊళ్ళో వాళ్ళ ముఖాలేమయ్యాయి మరి?" అని నవ్వింది. తర్వాత శ్మశానం ఉన్న దీవి వైపు తిరిగి, వాళ్ళ అమ్మానాన్నల కోసం మంగళవార్త జపం చెప్పుకుంది. నేనూ టోపీ తీశాను. అప్పుడు తగిలింది మెడకు, వెచ్చటి తడిగాలి. నవంబరులో వెచ్చటి గాలి వస్తే దక్షిణం నుంచి సముద్రాన్ని తోసుకొస్తుంది. ఒకసారి ఆకాశం చూశాను. మెట్టు గుర్తొచ్చింది. ఫరవాలేదనుకున్నాను.

ఆయుధశాల గుమ్మం ముందున్న రాతి సింహాలను చూశాక వదిన అంది, "నా గుమ్మం ఒకసారి చూపించు. దిగను. చూసి వెళ్ళిపోదాం."

ఆ గుమ్మం ఉన్న కాలువ ఇరుకు. రెండు చివరలా రెండు వంతెనలు. ఇటు చివరది తక్కువ ఎత్తు, అటు చివరది ఇంకా తక్కువ. ఇటునుంచే వెళ్ళాను. పడవ ముక్కున ఉన్న ఇనుప పట్టీకీ, వంతెన రాయికీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. నా లెక్క ప్రకారం జానెడుకు పైనే ఉండాలి. వదిన తల బాగా వంచాల్సి వచ్చింది. ఎక్కడో ఏదో తప్పిందని మనసు ఒకసారి చెప్పింది. మనసు చెప్పేది రేడియో లాంటిదే, మనం కట్టేసుకోవచ్చు.

గుమ్మం ముందు ఆగాం. ఆకుపచ్చ తలుపు, కింద సగం రంగు పెచ్చులూడిపోయింది. పైన కిటికీ తెరిచే ఉంది కానీ ఎవరూ లేరు. వదిన కుర్చీలో ముందుకి వంగింది. చాలాసేపు చూసింది. నేను తొందరపెట్టలేదు. అక్కడే తప్పు చేశాను అనాలో, అక్కడ తప్ప ఇంకెక్కడో చేశాను అనాలో తర్వాత చెబుతాను.

ముందు సైరను మోగింది. ఊరంతా ఒకేసారి, కుక్క ఏడ్చినట్టు. పోటు మీటరు పది సెంటీమీటర్లు దాటుతుందని దాని అర్థం. అది ఆగకముందే వదిన ఫోను మోగింది. పాదువా నుంచి అల్లుడు. ఆమె "ఊ", "ఊ" అని రెండుసార్లు అని పెట్టేసింది.

"ముందున్న వాళ్ళకి జ్వరం వచ్చిందట. మిరెల్లాను ముందుకి జరిపారు. పన్నెండున్నరకే తీసుకెళ్తున్నారు."

గడియారం చూశాను. పదీ ఇరవై. అక్కడి నుంచి గుడికి మామూలు రోజున ఇరవై నిమిషాలు, పండుగ రోజున ముప్పావుగంట. టైముందనే అనుకుంటూ పడవ తిప్పాను.

వంతెన దగ్గరికి వచ్చేసరికి నాలుగు వేళ్ళ సందు లేదు. ఇనుప పట్టీ రాయి అడుగు అంచుకు మూడు వేళ్ళ పైన ఉంది. పడవను మెల్లగా ముందుకు పోనిచ్చాను. పట్టీ రాయికి తగిలి కర్రుమంది. వెనక్కి లాగాను.

"ఏమైంది?" అంది వదిన.

"వెళ్ళదు."

"అటు చివర?"

"అది దీనికన్నా కిందికి ఉంటుంది."

"నీళ్ళు తగ్గేదాకా?"

"మధ్యాహ్నం మూడు దాటుతుంది."

ఆమె వార్తాపత్రికను గట్టిగా పట్టుకుంది. రెండు పక్కలా గోడలు. ఒక గోడ వెంబడి ఉన్న సన్నటి గట్టు మీద మడమల లోతు నీళ్ళు అప్పటికే పారుతున్నాయి. నేనొక్కణ్ణే అయితే దిగి నడిచేవాణ్ణి. ఆమెను దించితే మెట్ల మీద నాచు, ఆ తర్వాత స్టీమరు రేవుకు అయిదు వంతెనలు. మొయ్యడానికి ఆమె చిన్న మనిషి కాదు, నేను పెద్ద మనిషిని కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వసంతంలో మా కాలువకు అడ్డుకట్ట వేసి, నీళ్ళు తోడి, అడుగున బురద తీశారు. అరిగిపోయిన మా మెట్లు ఊడదీసి కొత్తగా పేర్చారు. "కాస్త ఎత్తుగా పెట్టండయ్యా, ఇంట్లోకి నీళ్ళు రాకుండా," అని తాపీమేస్త్రికి వైను పోసి మరీ చెప్పింది నేనే. వాళ్ళు జానెడు ఎత్తు పెంచారు. అప్పటినుంచీ నా మూడో మెట్టు మా నాన్న మూడో మెట్టు కాదు. ఆరు నెలలుగా రోజూ దాని మీద నిలబడుతున్నాను, ఒక్కసారి ఈ ఆలోచన రాలేదు.

వదిన కళ్ళు మూసుకుని ఉంది. "నాకు తెలుసు మరిదీ," అంది. "ఇది నాకు శిక్ష. మొక్కు పెట్టుకుని కోపం మనసులో పెట్టుకుని ఈ గుమ్మం దగ్గరికి వచ్చాను. ఆ తల్లికి నచ్చలేదు. నన్ను ఇక్కడే నిలబెట్టింది. నా కోపానికి నా పిల్ల..."

ఆమెను అలా అనుకోనిస్తే నాకు ఏ మాటా రాదు. నా పరువు నిలుస్తుంది. పైగా ఆమె అన్నదాంట్లో భక్తి ఉంది, నేను కాదంటే ఎలా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఇలాంటి తెలివి దేవుడిచ్చింది కాదని నాకు తెలుసు.

"తల్లి కాదు వదినా. నేను," అన్నాను. మెట్టు సంగతి చెప్పాను. రేడియో కట్టేసిన సంగతి కూడా చెప్పాను.

ఆమె కళ్ళు తెరిచింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు పడవ నడిపావు," అంది.

"అవును."

"నీ మెట్లు నువ్వే ఎత్తించుకుని, నువ్వే మర్చిపోయావు."

"అవును వదినా."

"ఎల్విరాకి నాలుగు సంబంధాలు వచ్చాయి. నిన్నే ఏరుకుంది," అని ముఖం తిప్పుకుంది. కానీ ఆ తర్వాత శిక్ష మాట ఎత్తలేదు.

పైనుంచి దగ్గు వినిపించింది. కిటికీలో జిల్దో. డెబ్బై ఎనిమిదేళ్ళు, నూట ఇరవై కిలోలు, బనియను మీద స్వెట్టరు, చేతిలో కాఫీ కప్పు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"తుల్లియో, ముక్కున బరువు వెయ్యాలి," అన్నాడు.

అది నాకు తెలుసు. పడవ వాళ్ళెవరికైనా తెలుసు. ముక్కున బరువేస్తే ముక్కు దిగుతుంది, వంతెన కిందికి దూరుతుంది. దూరాక ఆ బరువును తోక వైపు జరిపితే తోక దిగుతుంది. కానీ నా దగ్గర బరువేముంది? ఒక గొడుగు, ఒక తాడు.

"నీళ్ళు ఇంకా అరగంట పెరుగుతాయి," అన్నాడు జిల్దో. "ఇప్పుడు మూడు వేళ్ళు. ఇంకాసేపటికి ఆరు. అప్పుడు ఏనుగును ఎక్కించినా దిగదు. కింద గోదాంలో బంగాళాదుంప బస్తాలు ఆరున్నాయి. నేనున్నాను. నేను మూడు బస్తాలకి సమానం."

"చెప్పు ఆ మనిషికి," అంది వదిన నాతో, తల ఎత్తకుండా, "మాకేమీ వద్దని."

"వద్దంటోంది," అన్నాను.

"వినిపించింది. చెవులు బాగానే ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలి మీరు?"

చెప్పాను. మిరెల్లా పేరు వినగానే అతను కప్పు కిటికీలో పెట్టేశాడు.

"మిరెల్లానా? ఉల్లిపాయల బుట్టలో నిద్రపోయేది, ఆ పిల్లా? ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి."

ఆయుధశాల వైపు నుంచి గంట కొట్టింది. పదీ ముప్పావు. వదిన పెదవులు కదులుతున్నాయి, జపం చేస్తోందో తిడుతోందో తెలియలేదు. ఇది నేను నిర్ణయించేది కాదు. ఇనుప పట్టీ వైపు చూస్తూ నిలబడ్డాను. అది రాయికి ఇప్పుడు మూడు వేళ్ళు కాదు, మూడున్నర పైన ఉంది.

"చెప్పు ఆ మనిషికి," అంది వదిన. "దిగి రమ్మని."

పడవను వెనక్కి జరిపి గుమ్మానికి ఆనించాను. ఆకుపచ్చ తలుపు తెరుచుకుంది. లోపల మడమల లోతు నీళ్ళు, ఎత్తు బల్లల మీద బస్తాలు. వదిన లోపలికి చూసింది. గోడలో పాత గూడు, గూట్లో జానెడు ఎత్తు మరియతల్లి బొమ్మ, ముందు చిన్న ఎర్ర బల్బు వెలుగుతోంది. వరద నాడు ప్రాణాలు చేతబట్టుకుని పరుగెత్తుతూ ఆమె అక్కడే వదిలేసిన బొమ్మ అది. దాని మెడ పక్కనుంచే ఉల్లిపాయల దండ వేలాడుతోంది.

"చెప్పు ఆ మనిషికి," అంది, "దేవమాత ముఖం మీద ఉల్లిపాయలు కట్టకూడదని."

"మేకు అక్కడే ఉంది తల్లీ," అన్నాడు జిల్దో బస్తా ఎత్తుకుంటూ. "నువ్వు కొట్టిందే."

ఒక్కొక్క బస్తా ఎక్కుతుంటే ముక్కు కొద్దికొద్దిగా దిగింది. కుర్చీ అడ్డమని విప్పి అతని గుమ్మంలో పెట్టేశాం. వదినను పడవ అడుగున పడుకోబెట్టాలి. మోకాళ్ళు వంగవు. నేను చంకల కింద పట్టుకున్నాను, జిల్దో కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె నొప్పికి పెదవి కొరుక్కుంది గాని కేక వెయ్యలేదు. కొవ్వొత్తిని గుండెల మీద పొడవునా పెట్టుకుని రెండు చేతులతో కప్పుకుంది. చివరికి జిల్దో ముక్కు వైపు వెళ్ళి బస్తాల మీద బోర్లా పడుకున్నాడు. పడవ మూలిగింది. ముక్కు నీళ్ళ అంచుకు రెండు వేళ్ళ పైన నిలిచింది.

ఇంజను కట్టేశాను. తోకన వెల్లకిలా పడుకుని, వంతెన కింది రాళ్ళను చేతులతో పట్టుకుని పడవను లాగడం మొదలుపెట్టాను. వంతెన రాయిని ముఖానికి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తడి సున్నం వాసన, చిన్న చిన్న పీతలు. ముందు ఇనుప పట్టీ రాయిని రాసుకుంది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"దూరింది," అన్నాడు జిల్దో, గొంతు గుహలోంచి వచ్చినట్టు.

సగం వెళ్ళాక తోక పట్టేసింది. ముక్కు దిగిన కొద్దీ తోక లేస్తుంది కదా. ఇంజను కప్పు రాయికి ఆనుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. బయట పెద్ద కాలువలో ఏదో సరుకుల పడవ వెళ్ళింది. దాని అల లోపలికి వచ్చి మమ్మల్ని పైకి ఎత్తింది. చెక్క రాతికి నొక్కుకుని పగిలినంత చప్పుడైంది. నా ఛాతీకీ రాయికీ మధ్య ఊపిరి పట్టేంత చోటే మిగిలింది. ఇంకో అల వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నీళ్ళు పెరుగుతున్నాయి. ఇక్కడ ఆగడమంటే నీళ్ళు మమ్మల్ని రాయికేసి నొక్కుతుంటే చూస్తూ పడుకోవడమే.

"జిల్దో, వెనక్కి రా," అన్నాను. "నెమ్మదిగా."

అతను బస్తాల మీద నుంచి పాకుతూ వచ్చాడు. మధ్యలో వదిన. ఆమె మీదుగా తప్ప దారి లేదు.

"చెప్పు ఆ మనిషికి," చీకట్లో వదిన గొంతు, "మోకాలి మీద చెయ్యి వెయ్యొద్దని."

"వెయ్యను."

"చెప్పు, ఊపిరాడట్లేదని."

"నాకూ ఆడట్లేదమ్మా. ఇద్దరం ఒకే వంతెన కింద ఉన్నాం."

ఏదో టప్పున విరిగిన చప్పుడు. జిల్దో నా కాళ్ళ మీదికి వచ్చి పడ్డాడు. తోక దిగింది. రాయిని రెండు చేతులతో తోశాను. వెలుగు ముందు ముక్కు మీద పడింది, తర్వాత బస్తాల మీద, తర్వాత వదిన ముఖం మీద. నుదుటి మీద సున్నం గీత ఉంది.

ఆమె పత్రిక విప్పింది. కొవ్వొత్తి మధ్యలో విరిగింది. రెండు ముక్కలూ వత్తి పట్టుకుని వేలాడుతున్నాయి. జిల్దో తన మోచెయ్యి చూసుకున్నాడు.

"వత్తి తెగలేదు," అన్నాడు.

వదిన పత్రికను మళ్ళీ చుట్టింది. ఇంజను వేశాను. పదకొండూ ఇరవై.

బస్తాలు దించే టైము లేదు. అలాగే పెద్ద నీళ్ళలోకి వెళ్ళాం. గాలి దక్షిణం నుంచి నేరుగా కొడుతోంది. స్టీమర్ల అలలు, గాలి అలలు కలిసి ముక్కు మీదుగా లోపలికి వస్తున్నాయి. నేను డబ్బాతో ఒక చేత్తో తోడుతున్నాను. జిల్దో లేచి, ఏమీ అడక్కుండా, ముందున్న బస్తాను నీళ్ళలోకి దొర్లించాడు. తర్వాత రెండోది, మూడోది. నాలుగోది ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. "ఇవి మంచి రకం," అని దాన్నీ వదిలేశాడు. వదిన చూసింది.

ఆరోగ్యమాత గుడి రేవు దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ అయిదు. పడవ కట్టడానికి అంగుళం చోటు లేదు. పోలీసు పడవ వాళ్ళు ఒక్క నిమిషం మించి నిలవనివ్వట్లేదు. ఒంటిగంటకు వస్తామన్న మనుషులు ఇంకా రాలేదు, రాలేరు. కుర్చీ జిల్దో గుమ్మంలో ఉంది. ముందు నీళ్ళు కప్పిన గట్టు, దాని పైన ఎత్తైన మెట్లు, మెట్ల నిండా జనం.

వదిన పడవ అంచు పట్టుకుని లేవబోయింది. ఒకసారి, రెండోసారి. మోకాళ్ళు పట్టలేదు. నేను పడవ వదిలి దిగలేను, దిగితే ఆమెతో సహా కొట్టుకుపోతుంది. ఆమె నా ముఖం చూసింది. మెట్లు చూసింది. గుడి గడియారం కోసం వెతికింది.

ఆ తర్వాత జిల్దో వైపు తిరిగింది. నాతో కాదు, అతనితోనే అంది.

"జిల్దో."

అతను టోపీ తీశాడు. ఎందుకు తీశాడో నాకు తెలియదు.

"మిరెల్లా అని గట్టిగా చెప్పు. మనసులో గొణక్కు. నీ గొంతు పెద్దదే కదా, పాతిక సంవత్సరాలు క్యాబేజీలు అమ్మావు."

"ముప్పై ఎనిమిది."

"వెళ్ళు."

అతను విరిగిన కొవ్వొత్తిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. మెట్లెక్కుతూ జనాన్ని పక్కకు నెట్టుకుంటూ తలుపులో మాయమయ్యాడు. మమ్మల్ని పోలీసులు ముందుకు తోశారు. చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాం, మళ్ళీ తోశారు. వదిన జపమాల తిప్పుతోంది. సగంలో ఆగిపోయి నన్నడిగింది, "ఇంకొకరి చేత్తో వెలిగిస్తే తల్లి ఒప్పుకుంటుందా మరిదీ?"

"లోపల ఎవరి కొవ్వొత్తీ వాళ్ళు వెలిగించుకోరు వదినా. అందరివీ అక్కడి సేవకులే తీసుకుని వెలిగిస్తారు," అన్నాను. అది నిజమే. అయినా ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు. అంతకన్నా మంచి జవాబు ఇవ్వగల చదువు నాకు లేదు.

పన్నెండున్నర గంట కొట్టింది. జిల్దో రాలేదు. పన్నెండూ ముప్పావు. నాలుగోసారి రేవుకు వచ్చేసరికి మెట్ల మీద కనిపించాడు. చొక్కా మీద మైనం మరకలు. ఎక్కి కూర్చున్నాడు.

"పన్నెండూ ఇరవైకి వెలిగింది," అన్నాడు. "విరిగిన చోట వంగింది గాని నిలబడింది. పేరు చెప్పాను. పక్కనున్న వాళ్ళంతా తిరిగి చూశారు."

"మరి ఇంతసేపు?" అన్నాను.

"అక్కడ ఎవరిదీ ఒక్క నిమిషం వెలగనివ్వట్లేదు. వెనక జనం కదా. ఆర్పేసి డబ్బాలో పడేస్తున్నారు. సేవకుడు దీని మీదికి చెయ్యి పెట్టాడు. నేను ముందు నిలబడ్డాను. 'జరగండి తాతా' అన్నాడు. 'నేను ఈ రోజు బరువు కోసమే వచ్చినవాణ్ణి నాయనా, జరగను' అన్నాను. పన్నెండున్నర దాటేదాకా జరగలేదు."

వదిన ముఖం చేతుల్లో దాచుకుంది. గాలికి భుజాలు వణికాయి, గాలికేననుకుంటాను.

నీళ్ళు తగ్గాక ముగ్గురం మా ఇంటికి చేరాం. సాయంత్రం అయిదుంబావుకు అక్కడ ఫోను మోగింది. అల్లుడు. మిరెల్లాకు మెలకువ వచ్చింది, నీళ్ళడిగింది. ఎల్విరా ఫోను పట్టుకునే ఏడ్చింది. కొవ్వొత్తి వల్ల అని వదిన అంది. డాక్టర్ల వల్ల అని అల్లుడు అన్నాడు. నేను ఆ రాత్రి ప్రార్థనలో ఇద్దరికీ కృతజ్ఞత చెప్పాను, బంగాళాదుంపలకు కూడా. దేవుడు ఎవరెవరిని పనికి పెట్టుకుంటాడో లెక్క తేల్చడం నా వల్ల కాదు. మెట్టు లెక్కే తేల్చుకోలేకపోయాను.

తినకుండా జిల్దోను ఎల్విరా వెళ్ళనివ్వలేదు. పులుసు వడ్డించింది. బల్లకు ఈ చివర వదిన, ఆ చివర అతను. చాలాసేపు చెంచాల చప్పుడే. అతని గిన్నె ఖాళీ కావడం వదిన చూసింది.

"ఎల్విరా," అంది, గిన్నె వైపు చూడకుండా, "అడుగు ఆ మనిషిని, ఇంకో గరిటె వెయ్యమంటాడేమోనని."

"వెయ్యమను," అన్నాడు జిల్దో. "ఉల్లిపాయల మేకు కూడా రేపు పీకేస్తానని చెప్పు."

"వద్దని చెప్పు," అంది వదిన. "అది నేను కొట్టింది. నేనొచ్చి పీకుతాను."